అమ్మను కేర్ హోమ్‌లో చేర్చే ముందు ఏం చూడాలి?

హైదరాబాద్ కూకట్‌పల్లి నుంచి ఒకావిడ రాసిన పెద్ద ఉత్తరం ఇది. ఆవిడకు 49 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్తది నెలలో సగం రోజులు ఊళ్లు తిరిగే ఉద్యోగం. కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. తెనాలి దగ్గర పల్లెలో ఒక్కరే ఉండే తల్లికి 76 ఏళ్లు. పోయిన సంక్రాంతి తర్వాత ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి స్వాధీనంలో లేవు. మాట ముద్దగా వస్తోంది. నీళ్లు తాగితే పొలమారుతోంది. అప్పటి నుంచి కూతురింట్లోనే ఉన్నారు. ఏజెన్సీ ద్వారా పెట్టుకున్న ఆయాలు ఒక్కరూ నిలవలేదు. ఆఖరున వచ్చినామె పగలంతా ఫోన్ చూసుకుంటూ అమ్మను తడి డైపర్‌తోనే వదిలేసింది. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి చూస్తే నడుం కింద చర్మం ఎర్రగా కమిలి ఉంది. ఈలోగా అమ్మను లేపీ, కూర్చోబెట్టీ ఈవిడకే నడుంలో డిస్కు జారింది. ఇక బరువులెత్తితే ఆపరేషన్ దాకా వెళ్తుందని డాక్టర్ హెచ్చరించారు.

దాంతో హోములు చూడటం మొదలుపెట్టారు. ఒకటి మేడ్చల్ వైపు, ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గరలో. మూడంతస్తులు, లిఫ్టు, ఏసీ గదులు, ఫిజియోథెరపీ, ఫోన్‌లో చూసుకునేలా సీసీ కెమెరాలు. మొత్తం 60 బెడ్లు. నెలకు 65 వేలు, లక్ష డిపాజిట్. ఆదివారం పదకొండు గంటలకు రమ్మని మేనేజరే దగ్గరుండి చూపించారు. ఖాళీ గదులు చూపించారు గానీ "పేషెంట్లు రెస్ట్ తీసుకుంటున్నారు" అంటూ మిగతా తలుపులు తీయలేదు. బంధువులు ఆదివారం 11 నుంచి 1 వరకే రావాలట. రాత్రి ఎంతమంది ఉంటారని అడిగితే "24 గంటలూ స్టాఫ్ ఉంటారు మేడమ్" అన్నారు. రెండోది నిజాంపేటలో ఒక పాత డాబా ఇల్లు. రిటైరైన నర్సు ఒకామె నడుపుతున్నారు. 14 మంది పెద్దవాళ్లు, నెలకు 35 వేలు. స్కూలుకెళ్తూ పొద్దున్న ఏడున్నరకు చెప్పాపెట్టకుండా వెళ్తే లోపలికి రమ్మన్నారు, ఇల్లంతా తిరిగి చూసుకోమన్నారు. కానీ మూత్రం వాసన. పెచ్చులూడుతున్న గోడలు. పైఅంతస్తుకు లిఫ్టు లేదు. పర్మిషన్ కాగితం అడిగితే "అప్లై చేశాం" అన్నారు. వరండాలో ఒక పెద్దాయన్ను తువ్వాలుతో కుర్చీకి కట్టేసి ఉంచారు. అది ఎంత మరిచిపోదామన్నా కళ్లముందే ఉంటోందని రాశారు.

న్యూజెర్సీలో ఉన్న తమ్ముడు డబ్బంతా తనే కడతానంటున్నాడు. "ఇక్కడైతే ప్రతి హోముకీ గవర్నమెంటే స్టార్లు ఇస్తుందక్కా. మేడ్చల్ దానికి గూగుల్‌లో 4.7 ఉంది, అదే ఖాయం చేసెయ్" అని అతని మాట. పెద్దమ్మేమో "కన్నతల్లిని ఆశ్రమంలో పడేస్తే కేసు పెడతారు, తెలుసా" అంటోంది. అమ్మనడిగితే "నీ ఇష్టమేనమ్మా" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. "ఈ రెండింట్లో ఏది మంచిదో నేనెలా తెలుసుకోవాలి? అసలు నేను చేస్తున్నది తప్పా?" అని అడుగుతున్నారు.

మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. అది తేలకపోతే మొదటిదాని మీద మీ మనసు నిలవదు. మీరు చేస్తున్నది తప్పు కాదు. పెద్దమ్మగారు అంటున్న చట్టం 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. అందులో 24వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు పూర్తిగా వదిలించుకోవాలనే ఉద్దేశంతో పెద్దవాళ్లను ఎక్కడైనా వదిలేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అంటే బస్టాండులోనో గుడి మెట్ల మీదో దింపేసి వెళ్లిపోయేవాళ్ల సంగతి. తల్లికి 24 గంటలూ మనిషి కావాలని గుర్తించి, డబ్బు కట్టి, మంచి చోటు వెతికి, వారం వారం వెళ్లి చూసుకునే కూతురి జోలికి ఆ సెక్షన్ రాదు. నడుం పట్టేసిన మనిషి పక్షవాతం వచ్చిన మనిషిని ఎత్తబోతే ఇద్దరూ కింద పడతారు. ఇది ప్రేమ తక్కువై వచ్చిన ఇబ్బంది కాదు. పెద్దమ్మగారికి ఈ మాట ఒక్కసారి చెప్పండి. వాదనకు దిగకండి.

ఇక హోముల విషయం. ఉత్తరంలో నాకు మొట్టమొదట కనపడింది ఏమిటంటే, మీరు ఈ రెండింటినీ ఒకే వేళలో చూడలేదు. మేడ్చల్ హోమును వాళ్లు సిద్ధమై కూర్చున్న ఆదివారం పదకొండింటికి చూశారు. నిజాంపేట ఇంటిని పొద్దున్న ఏడున్నరకు, రాత్రి డైపర్లు మార్చే వేళకు చూశారు. 14 మంది పెద్దవాళ్లున్న ఇంట్లో ఆ గంటలో వాసన లేదంటేనే నేను ఆశ్చర్యపోతాను. అదే వాసన మధ్యాహ్నం మూడింటికి కూడా ఉంటే అప్పుడు పట్టించుకోవాలి. పొద్దస్తమానం ఫినాయిల్, రూమ్ ఫ్రెష్‌నర్ గుప్పున కొట్టే చోటును కూడా నేను అనుమానంగానే చూస్తాను. కాబట్టి వేళలు మార్చి చూడండి. మేడ్చల్‌కు పొద్దున్న ఏడింటికో రాత్రి ఎనిమిదిన్నరకో వెళ్లండి. నిజాంపేటకు మధ్యాహ్నం భోజనాల వేళకు ఒకసారి, రాత్రి ఒకసారి వెళ్లండి. "ఇన్‌ఫెక్షన్ వస్తుంది, ఆదివారమే రండి" అని మేడ్చల్ వాళ్లు గేటు దగ్గరే ఆపేస్తే ఒక్క మాటడగండి: "రేపు మా అమ్మను చేర్చాక కూడా ఇంతేనా?" ఔనంటే, వారంలో రెండు గంటలు తప్ప మిగతా వేళల్లో అమ్మ ఎలా ఉందో మీకు తెలిసే దారి ఉండదన్నమాట. అలాంటి షరతు ఉన్న చోటుకు, మిగతావన్నీ ఎంత బాగున్నా, మాట సరిగ్గా రాని మనిషిని పంపమని నేను చెప్పలేను.

మీ తమ్ముడు స్టార్ల గురించి అన్నది నిజమే. అమెరికాలో పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్ వాళ్ల కేర్ కంపేర్ అనే సైటులో ప్రతి నర్సింగ్ హోముకీ ఒకటి నుంచి ఐదు దాకా స్టార్లుంటాయి. 2008 నుంచి ఇస్తున్నారు. అవి గూగుల్ స్టార్లలాంటివి కావు. మూడు సంగతులు చూసి ఇస్తారు: ప్రభుత్వ తనిఖీల్లో ఏం దొరికింది, ఒక్కో మనిషికి రోజుకు ఎంతసేపు సిబ్బంది అందుబాటులో ఉన్నారు, అక్కడున్నవాళ్ల ఒంటి పరిస్థితి ఎలా ఉంది. అంటే పుండ్లు పడ్డాయా, కింద పడి దెబ్బలు తగిలాయా, మతిస్థిమితం తప్పినవాళ్లకిచ్చే మందులు ఎంతమందికి ఇస్తున్నారు, ఇలాంటివి. సిబ్బంది లెక్క మొదట్లో హోములు చెప్పిందే రాసుకునేవారు. తర్వాత జీతాల రికార్డుల నుంచి తీసుకోవడం మొదలుపెట్టారు, ఎందుకంటే నోటిమాట లెక్కకూ జీతం లెక్కకూ తేడా ఉంటుందని వాళ్లకూ తెలిసింది. మనకు ఇక్కడ అలాంటి ఏర్పాటు లేదు. గూగుల్‌లో 4.7 అంటే బిల్డింగ్ నచ్చినవాళ్లు, వాళ్ల బంధువులు, ఒకసారి చూసివెళ్లినవాళ్లు అందరూ కలిసి వేసిన మార్కులు. మంచం మీదున్నవాళ్లు వేసినవి కావు. కాబట్టి ఆ మూడు సంగతులూ మీరే చూసుకోవాలి. తమ్ముడికి ఇలా చెప్తే అర్థమవుతుంది.

ఆ మూడు సంగతుల్లోకీ సిబ్బంది లెక్కే అసలైనది. "24 గంటలూ స్టాఫ్ ఉంటారు" అన్నది మీ ప్రశ్నకు జవాబు కాదు. ఇలా అడగండి: రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు వరకు ఈ బిల్డింగ్‌లో మెలకువగా ఉండేవాళ్లు ఎంతమంది? అందులో నర్సులెందరు, ఆయాలెందరు? ఈ రాత్రికి మంచం దిగలేని వాళ్లెంతమంది ఉన్నారు? తర్వాత కాగితం మీద లెక్క వేయండి. 60 మందిలో 25 మంది మంచం మీదే ఉన్నారనుకుందాం, రాత్రికి ఇద్దరు ఆయాలనుకుందాం. మంచం మీద కదల్లేని మనిషిని పుండ్లు పడకుండా సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఇద్దరూ కలిసి ఒక మనిషిని తిప్పి, తడి చూసి, డైపర్ మార్చి, దిండు సర్దడానికి పది నిమిషాలు పడుతుంది. 25 మందికి 250 నిమిషాలు, అంటే నాలుగు గంటల పైమాట. రెండు గంటల్లో అవ్వాల్సిన చుట్టు నాలుగు గంటలైనా పూర్తవదు. ఆ ఇద్దరూ ఎంత మంచివాళ్లయినా, రాత్రంతా కూర్చోకుండా తిరిగినా అవ్వదు. అక్కడ పుండ్లు పడటానికి ఆయాల నిర్లక్ష్యమే అక్కర్లేదు, ఆ లెక్క చాలు. నిజాంపేటలోనూ ఇదే లెక్క వేయండి. ఐదుగురు మంచం మీదుంటే, ఒక్క ఆయా ఒక్కొక్కరికి పావుగంట చొప్పున తీసుకున్నా గంటంబావులో చుట్టు పూర్తవుతుంది. కానీ ఆమె ఒకరి దగ్గరున్నప్పుడు మరొకరు బాత్రూమ్‌లో పడితే లేపడానికి రెండో మనిషి ఎవరు? నర్సమ్మ ఆ ఇంట్లోనే పడుకుంటారా, పిలిస్తే వస్తారా? ఇది తప్పకుండా అడగండి.

నర్సు అని చెప్పేవాళ్లందరూ నర్సులు కారు. జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చేసి, తెలంగాణ స్టేట్ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరైనవాళ్లు కావాలి. డ్యూటీ చార్టు చూపించమంటే సరిగ్గా నడిచే చోట గోడ మీదే ఉంటుంది. ఆయాల చదువు గురించి నాకు అంత పట్టింపు లేదు. వాళ్లెంతకాలంగా పనిచేస్తున్నారన్నదే ముఖ్యం. మేనేజరును కాకుండా వాళ్లనే పలకరించండి. ఎక్కడి నుంచి వచ్చారు, ఎన్నాళ్లయింది, జీతం నెలనెలా వస్తోందా. ఏడాది పైబడి ఉన్నవాళ్లు సగం మంది కూడా లేకపోతే ఏజెన్సీ ఆయాలతో మీరు ఇంట్లో పడిన బాధే అక్కడా పడతారు, కాకపోతే అది మీ కంటికి కనపడదు. ఇంకో సంగతి భాష. హైదరాబాద్ హోముల్లో ఒడిశా నుంచి, ఝార్ఖండ్ నుంచి వచ్చిన అమ్మాయిలు చాలామంది పనిచేస్తున్నారు. ఓపికగా చేసేవాళ్లు వాళ్లలో ఎందరో ఉన్నారు. కానీ మీ అమ్మగారి ముద్దమాట మీకే సగం అర్థమవుతుంది. తెలుగు రాని అమ్మాయికి "దాహం" అన్న మాట అందేదెలా? అమ్మ ఉండే అంతస్తులో ప్రతి షిఫ్టులో తెలుగు వచ్చినవాళ్లు ఒక్కరైనా ఉండాలని అడగండి.

తర్వాత, అక్కడున్నవాళ్లను చూడండి. గదులు తర్వాత చూడొచ్చు. అందరికంటే నీరసంగా, మాట లేకుండా, చుట్టాలెవరూ రానట్టుగా కనపడే మనిషి మంచం దగ్గరికి వెళ్లి నిలబడండి. వాళ్ల గోళ్లు కత్తిరించి ఉన్నాయా, పెదాలు ఎండి పగిలాయా, నీళ్ల గ్లాసు చేతికందే దూరంలో ఉందా లేక అవతలి గోడ దగ్గర బల్ల మీదుందా. పిక్కల కింద దిండు పెట్టి మడమలను గాల్లో ఉంచారా, లేక అవి పరుపుకు ఆని ఉన్నాయా. మూత్రం పైపు ఉన్నవాళ్లకు సంచి మంచానికి కింది వైపు వేలాడుతోందా, నేలకు తగులుతోందా. మాట్లాడగలిగి గొడవ చేసేవాళ్లను ఏ హోమైనా బాగానే చూస్తుంది. ఈ మనిషిని ఎలా చూస్తున్నారో మీ అమ్మను అలాగే చూస్తారు. మేడ్చల్‌లో మీకు ఒక్క మనిషినీ చూపించలేదు. నా దృష్టిలో మీ ఉత్తరంలో ఉన్న పెద్ద హెచ్చరిక అదే. అవతలివాళ్ల మర్యాద కాపాడాలి కాబట్టి గదుల్లోకి వెళ్లొద్దనడం న్యాయమే. కానీ అరవై మందిలో హాల్లో కూర్చున్నవాళ్లు, వీల్‌చెయిర్‌లో వరండాలో ఉన్నవాళ్లు పొద్దున్న పదకొండింటికి పది మందైనా కనపడాలి కదా.

పదకొండింటికి అందరూ నిద్రపోతున్నారంటే మరో అనుమానం కూడా వస్తుంది. రాత్రి మనుషులు తక్కువున్న చోట నిద్రమాత్రలు, మతిస్థిమితం మందులు ఆయాల పని చేస్తాయి. మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్లకు ఈ మతిస్థిమితం మందులిస్తే మరణం ముప్పు పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే గట్టి హెచ్చరిక ఇచ్చింది. పక్షవాతం వచ్చిన మనిషి మత్తులో ఉంటే తిండి కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఏ హోములో చేర్చినా, మీకు ఫోన్ చేయకుండా, డాక్టరు చీటీ లేకుండా నిద్రమందు ఇవ్వకూడదని కాగితం మీద రాయించుకోండి. మందులు ఎలా పెడతారో కూడా చూడండి. పేరు రాసిన డబ్బాలో స్ట్రిప్పులతో సహా ఉండి, ఇచ్చాక సంతకం పెట్టే చార్టు ఉంటే సరే. విడి మాత్రలు మూతల్లో పోసుకుని ట్రేలో తెస్తుంటే కాదు.

మీ అమ్మగారికి అన్నిటికంటే ముఖ్యం భోజనం. అందుకే ఒకపూట భోజనాల వేళ కూర్చుని చూడమంటున్నాను. తినిపించే మనిషి పక్కన కూర్చుని తినిపిస్తోందా, నిలబడి గబగబా కుక్కుతోందా? పెద్దావిడను నిటారుగా కూర్చోబెట్టారా? చిన్న చెంచాతో పెట్టి, మింగేదాకా ఆగి, పడిపోయిన వైపు బుగ్గలో మెతుకులు మిగిలాయేమో చూసి తీస్తోందా? తిన్నాక అరగంటైనా కూర్చోబెట్టి ఉంచుతున్నారా, వెంటనే పడుకోబెట్టేస్తున్నారా? మెత్తగా కలిపిన పప్పన్నం కంటే పల్చటి నీళ్లకే ఎక్కువ పొలమారుతుందన్న సంగతి ఆ ఆయాకు తెలుసా? చేర్చే ముందు ఆస్పత్రిలో అమ్మ మింగే తీరును ఒకసారి పరీక్ష చేయించి, ఎలా తినిపించాలో తెలుగులో రాసి మంచం పైన గోడకు అంటించండి. నలుగురు మారినా ఆ కాగితం ఉంటుంది.

నడుం కింద ఎర్రదనం సంగతి మాత్రం ఏ హోమో తేలేదాకా ఆగదు. అక్కడ వేలితో నొక్కి వదలండి. నొక్కిన చోట తెల్లబడి మళ్లీ ఎర్రబడితే పర్వాలేదు. తెల్లబడకుండా అలాగే ఉంటే అది పక్కపుండుకు మొదటి మెట్టు. చామనఛాయ ఒంటిమీద ఎరుపు సరిగ్గా తెలియదు కాబట్టి చుట్టుపక్కల కంటే వెచ్చగా, గట్టిగా ఉందేమో కూడా చూడండి. ఈ వారమే డాక్టరుకు చూపించండి. చేర్చే రోజున ఒళ్లంతా చూసి, తేదీతో ఫొటో తీసి, హోము నర్సుతో కూడా చూపించి రాయించండి. తర్వాత కొత్తది పడితే "ఇంటి నుంచే తెచ్చారు" అనే మాట రాదు. మీకూ ఎవరినీ ఊరికే అనుమానించే పని ఉండదు.

ఇక కుర్చీకి కట్టేసిన ఆ పెద్దాయన. మీరు మరిచిపోలేకపోవడం సహజం. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. వాసన కంటే, పెచ్చులూడిన గోడల కంటే నాకు ఇదే పెద్దది. కట్టేసిన మనిషి జారితే ఆ కట్టు మెడకు బిగుసుకోవచ్చు. ఒకేచోట కూర్చుని పుండు పడుతుంది, ఉన్న కాస్త కాలి బలం పోతుంది, లేచి తిరగాలన్న ఆశా పోతుంది. నిజాంపేట వెళ్లి నర్సమ్మనే అడగండి: ఎందుకు కట్టారు, ఎంతసేపు, డాక్టరు రాశారా, వాళ్లవాళ్లకు తెలుసా? "పడిపోతాడమ్మా, ఏం చేస్తాం, అందరూ ఇంతే చేస్తారు" అంటే ఆమె ఎంత ఆప్యాయంగా మాట్లాడినా ఆ ఇంటిని వదిలేయండి. అలాకాకుండా, ఆయా బాత్రూమ్‌కి వెళ్లిన ఐదు నిమిషాలకు అలా చేసిందని, చేయకూడదని చెప్పామని, తక్కువ ఎత్తు మంచం, చేతుల కుర్చీ తెప్పించామని చెప్పి మీకు చూపించగలిగితే ఇంకోసారి చెప్పకుండా వెళ్లి చూడొచ్చు. తప్పు పట్టినప్పుడు ఎలా మాట్లాడతారన్నది కూడా మీకు కావలసిన సమాచారమే. రేపు మీ అమ్మ పడిపోయినా ఫోన్ చేసి చెప్పాల్సింది వాళ్లే.

సీసీ కెమెరా ఉందని తమ్ముడు ధైర్యపడుతున్నాడు. కెమెరా పైకప్పు నుంచి మంచాన్ని చూపిస్తుంది. దుప్పటి కింద తడి చూపించదు, మడమ చూపించదు. డైపర్ మార్చే దృశ్యం ఎవరెవరి ఫోన్లలోకి వెళ్తోందో కూడా అడగాల్సిందే, మీ అమ్మకూ మర్యాద ఉంది.

కాగితాల సంగతి. నిజాంపేటవాళ్ల "అప్లై చేశాం" అన్న మాటకు అప్లికేషన్ కాపీ, నంబరు, తేదీ అడగండి. ఏళ్ల తరబడి అప్లై చేస్తూనే ఉన్నారంటే అర్థం వేరు. నర్సింగ్, ఫిజియోథెరపీ చేస్తామంటున్న మేడ్చల్‌వాళ్లను క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ రిజిస్ట్రేషన్ (వైద్య సేవలందించే చోట్లకు ప్రభుత్వ నమోదు) ఉందా అని అడిగి, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ఆఫీసులో సరిచూసుకోండి. కాగితమొక్కటీ చాలదు. 2020 జనవరిలో హైదరాబాద్ శివారు నాగారంలో వృద్ధాశ్రమం పేరుతో నడిచే చోట మానసిక సమస్యలున్నవాళ్లను కుక్కి పెట్టారని తెలిసి డెబ్బై మందికి పైగా బయటికి తీసుకొచ్చారు. బోర్డు మీద ఒకటి, లోపల ఇంకొకటి. ఏ హోము గురించైనా సందేహముంటే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567 కు ఫోన్ చేయొచ్చు, డబ్బు పడదు, పొద్దున్న 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు. చేర్చాక ఇబ్బందొచ్చినా అదే నంబరు.

నిప్పు గురించి మాత్రం పట్టుబట్టండి. 2023 జనవరి 1న ఢిల్లీ గ్రేటర్ కైలాష్‌లో పెద్దవాళ్ల కేర్ హోములో మంటలు లేచి ఇద్దరు వృద్ధ మహిళలు చనిపోయారు. అది పేదల కాలనీ కాదు. మంటలొస్తే లిఫ్టు పనికిరాదు. కాబట్టి మేడ్చల్‌లో మూడో అంతస్తు ఏసీ గది కంటే కింది అంతస్తు మామూలు గది మీ అమ్మకు మేలు. రెండో మెట్లదారి తాళం వేసి ఉందా, తాళంచెవి రాత్రి ఎవరి దగ్గరుంటుంది, మంచం తలుపులోంచి బయటికి వస్తుందా, చూడండి. నిజాంపేటలోనూ కిందనే ఇవ్వాలి, కిటికీ ఊచల వెనక గది వద్దు. అలాగే రాత్రి అమ్మకు మళ్లీ మూతి వంకరపోయిందనుకోండి, గుర్తుపట్టేదెవరు? పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. "పొద్దున్న డాక్టరుగారొస్తారు" అనే చోట ఆ వ్యవధి నిద్రలోనే అయిపోతుంది. 108 కు ఫోన్ చేసే అధికారం రాత్రి ఆయాకు ఉందా, మేనేజరును అడగాలా?

సంతకం పెట్టే ముందు అగ్రిమెంటు ఇంటికి తెచ్చుకుని చదవండి, తమ్ముడికీ పంపండి. డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, ఆస్పత్రిలో ఉన్న రోజులకూ పూర్తి డబ్బు కట్టాలా, డైపర్లు ఎవరివి. డైపర్లు ప్యాకేజీలో ఉంటే రాత్రంతా ఒక్కదాంతో సరిపెట్టే చోట్లున్నాయి, విడిగా రాస్తే బిల్లు పెంచే చోట్లున్నాయి. మీరే కొనిచ్చి, వారానికి ఎన్నయ్యాయో చూసుకోవడం నయం. "ఏం జరిగినా మా బాధ్యత లేదు" అన్న వాక్యముంటే కొట్టేయించండి. డబ్బు తీసుకుని సేవ చేసేవాళ్లు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తారు. ఆ ఒక్క సంతకంతో వాళ్ల నిర్లక్ష్యం మాఫీ అయిపోదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మేడ్చల్‌వాళ్లు వేళ కాని వేళ రానిచ్చి, రాత్రి డ్యూటీ చార్టు చూపించి, కింది అంతస్తులో బెడ్ ఇస్తే అది నిలబడే దారే. ఫిజియోథెరపీ మీ అమ్మకు ఈ మొదటి నెలల్లో బాగా ఉపయోగపడుతుంది. కానీ దూరం. మీ నడుంతో, స్కూలుతో వారానికి ఒకసారి కంటే వెళ్లలేరు. నిజాంపేట దగ్గర. రోజూ సాయంత్రం పావుగంట వెళ్లి స్వయంగా రెండు ముద్దలు తినిపించి రావొచ్చు. ఎవరో ఒకరు రోజూ వస్తారని తెలిసిన మనిషిని ఏ హోమైనా ఎక్కువ జాగ్రత్తగా చూస్తుంది. ఈ లాభం 30 వేల తేడా కంటే పెద్దది. కానీ ఆ తువ్వాలుకూ, పర్మిషన్‌కూ సరైన జవాబు రాకపోతే దగ్గరున్నా లాభం లేదు. అప్పుడు మూడో హోము వెతకండి, నిజాంపేట, మియాపూర్, బాచుపల్లి చుట్టుపక్కలే. ఇంట్లోనే ఉంచాలనుకుంటే పగలొకరు, రాత్రొకరు, ఎత్తు మార్చే మంచం, గాలి పరుపు కావాలి. ఖర్చు మేడ్చల్ దాకా వెళ్లొచ్చు. ఒకరు మానేసిన రోజు ఎత్తాల్సింది మీరే. ఇంటర్ చదువుతున్న కుర్రాడి మీదా కొంత పడుతుంది. మీ డాక్టరు వద్దన్నాక ఈ దారి నాకు అన్నిటికంటే భయం కలిగిస్తోంది.

ఏ హోమైనా మొదట నెల రోజులకే మాట్లాడుకోండి, పెద్ద డిపాజిట్ లేకుండా. చాలా చోట్ల ఒప్పుకుంటారు. ఆ నెలలో మీ నడుం కాస్త కుదురుతుంది, అమ్మ ఎలా ఉంటారో తెలుస్తుంది.

అమ్మ "నీ ఇష్టమే" అన్నారని అక్కడితో ఆపేయకండి. అది ఒప్పుకోవడం కాదు, భారమైపోయానన్న బాధ. "ఉంటావా?" అని అడిగితే ఆవిడకు చెప్పడానికి ఏమీ ఉండదు. చెప్పగలిగినవి అడగండి. కిటికీ పక్కన మంచం కావాలా, పక్కన మాట్లాడే మనిషి ఉండాలా, ఏ దిండు, ఏ దుప్పటి, ఏ దేవుడి పటం తెచ్చుకుంటావు, కాఫీ ఎన్నింటికి కావాలి. వీలైతే వీల్‌చెయిర్‌లో తీసుకెళ్లి ఆ చోటు చూపించండి. ఆస్పత్రికి వెళ్తున్నామని చెప్పి మాత్రం తీసుకెళ్లి దింపకండి. ఆ అబద్ధం ఆవిడ క్షమించినా మీకే ఎప్పటికీ మింగుడుపడదు. నా నడుం ఇలా అయింది, నిన్ను ఎత్తలేకపోతున్నాను, వీలైనన్నిసార్లు వస్తాను అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి, మీరూ ఏడవండి.

తమ్ముడికి డబ్బు పంపడంతో పాటు ఇంకో పని అప్పగించండి. మనకు అర్ధరాత్రి రెండైతే న్యూజెర్సీలో వేసవిలో సాయంత్రం నాలుగున్నర, చలికాలంలో మూడున్నర. నెలకు నాలుగైదు సార్లు, రోజు చెప్పకుండా, ఆ వేళ హోముకు ఫోన్ చేసి "అమ్మ ఎటు పక్కకు తిరిగి పడుకుంది, ఎప్పుడు తిప్పారు?" అని అడగమనండి. ఎన్ని రింగులకు ఎత్తారు, ఎత్తిన మనిషికి అమ్మ పేరు తెలుసా, ఒక నోటుబుక్కులో రాసుకోమనండి. మీరు నిద్రపోయే వేళల్లో మీకంటే అతనే బాగా కనిపెట్టగలడు.

మొదటి నెలంతా మీరు వెళ్లినప్పుడల్లా నడుం కిందా, మడమలూ చూడండి, వారానికోసారి బరువు తూయించండి. కొత్తగా ఎర్రదనం, నెలలో రెండు మూడు కిలోలు తగ్గడం, పగలు లేపినా లేవని మత్తు, ఎలా తగిలిందో ఎవరూ చెప్పలేని కమిలిన గాయం, మీరొస్తే అమ్మ ఆయా వైపు చూసి మాట ఆపేయడం, వీటిలో ఒక్కటి కనపడినా నర్సును పక్కకు పిలిచి అడగండి, డాక్టరుకు చూపించండి. రెండు కనపడితే నోటీసు గడువు గురించి ఆలోచించకుండా ఆ రోజే ఇంటికి తెచ్చేసుకోండి. డిపాజిట్ సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.